పలక, అంచు, మొన: ఐదో తరగతి ఆకారాల పెట్టె తయారీ డైరీ

ఆగస్టు 4

ఐదో తరగతి పిల్లలతో కలిసి ఒక ఆకారాల పెట్టెను తయారు చేసే పని ఈ రోజు మొదలైంది. మా బడి వరంగల్ కోటకు ఎక్కువ దూరం లేని ఒక బస్తీలో ఉంది. తరగతిలో ఇరవై నలుగురు పిల్లలు ఉన్నారు. బతుకమ్మ, దసరా సెలవులు వచ్చేలోపు, అంటే దాదాపు ఏడు వారాల్లో, పిల్లలు తమ చేతులతో చేసిన సమతల ఆకారాలు, ఘనాకారాలు, ఒక్కొక్కదాని లక్షణాలు రాసిన చీటీలు ఆ పెట్టెలో చేరాలన్నది నా ఆలోచన.

మొదటి రోజు ఏమీ బోధించలేదు. బల్ల మీద ఒక పాచిక, రాసుకునే పలక, స్టీలు పళ్ళెం, రబ్బరు బంతి, గాజు, టార్చి బ్యాటరీ, అగ్గిపెట్టె, ఇటుక పెట్టి, "చతురస్రం ఏదో తీసి చూపించండి" అని అడిగాను. ముందుగా లేచిన పిల్లవాడు పాచికను తీశాడు, తరగతిలో ఒక్కరు కూడా కాదనలేదు. వృత్తం చూపించమంటే బంతి, గాజు, పళ్ళెం, బ్యాటరీ నాలుగూ వచ్చాయి.

సాయంత్రం దీని గురించి చాలాసేపు ఆలోచించాను. తప్పు పిల్లలది కాదనిపించింది. మన ఇళ్ళలో బంతీ గుండ్రమే, గాజూ గుండ్రమే, పళ్ళెమూ దుంగా కూడా గుండ్రమే. ఆ ఒక్క మాట గోళాన్ని, వృత్తాన్ని, స్థూపాన్ని కలిపి మోస్తున్నది. పుస్తకంలోనేమో పాచికను, చతురస్రాన్ని రెండింటినీ కాగితం మీది బొమ్మలుగానే చూపిస్తాము. చేత్తో పట్టుకోగలిగేది ఏది, దాని మీద కనిపించే ముఖం మాత్రమే ఏది అన్న తేడా పిల్లలకు తెలిసే అవకాశం మనమే ఇవ్వలేదు.

ఆగస్టు 6

పాఠం క్రమాన్ని తలకిందులు చేయాలని నిర్ణయించుకున్నాను. సాధారణంగా త్రిభుజం, చతురస్రం, వృత్తం ముందు చెప్పి, ఘనాకారాలను చివర్లో ముగిస్తాము. ఈసారి చేతికి అందే ఘనాకారాలతో మొదలుపెట్టి, సమతల ఆకారాలను వాటి మీదనే వెతికించాలి.

పారిభాషిక పదాలకంటే ముందు ఇంటి మాటలను తీసుకున్నాము. వడ్రంగులు ఎనిమిది పలకల స్తంభం అంటారు. మనం ఆరు పలకల పెన్సిల్ అంటాము. అందుకని చదునైన ముఖాన్ని పలక అన్నాము, రెండు పలకలు కలిసే చోటును అంచు అన్నాము, అంచులు కలిసి గుచ్చుకునే చోటును మొన అన్నాము. కళ్ళు మూసుకొని ఇటుకను తడిమి, అరచేతికి తగిలింది పలక, వేలికి తగిలింది అంచు, వేలి కొనకు గుచ్చుకున్నది మొన అని పిల్లలు తేల్చిన తరువాత, పలకను ముఖమని, మొనను శీర్షమని పుస్తకం పిలుస్తుందని చెప్పాను. అంచు రెండు చోట్లా అంచే. మూడు మాటలూ ఆ పూటే నోటికి వచ్చేశాయి. పేరుకంటే ముందు స్పర్శ ఉండాలన్న నా నమ్మకం ఈ రోజుతో బలపడింది.

ఆగస్టు 11

ఈ రోజు అచ్చులు వేశాము. వెడల్పాటి పళ్ళెంలో ఎర్రమట్టిని చిక్కగా కలిపి, వస్తువులను అందులో తేలికగా తాకించి, పాత వార్తాపత్రికల మీద నొక్కాము.

ఇటుక ఆరు అచ్చులు ఇచ్చింది, అన్నీ దీర్ఘచతురస్రాలే. వాటిని కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన పిల్లలు, అవి మూడు కొలతల్లోనే ఉన్నాయని, ఒక్కో కొలతలో రెండేసి ఉన్నాయని, ఆ రెండూ ఇటుకలో ఎదురెదురుగా ఉండే పలకలేనని వాళ్ళంతట వాళ్ళే కనుక్కున్నారు. పాచిక ఆరు అచ్చులూ ఒకే కొలత గల చతురస్రాలు. బ్యాటరీని నిలబెట్టి అడుగుభాగాన్ని నొక్కితే వృత్తం వచ్చింది. పడుకోబెట్టి ఒక్క చుట్టు దొర్లిస్తే దీర్ఘచతురస్రం వచ్చింది. వంపు తిరిగిన ఉపరితలం విప్పితే చదునుగా పరుచుకుంటుందన్న సంగతి ఆ ఒక్క దొర్లింపుతో కళ్ళకు కట్టింది.

బంతి మాత్రం ఎలా పెట్టినా చిన్న చుక్కకు మించి ఇవ్వలేదు. గట్టిగా నొక్కితే చుక్క కొంచెం పెద్దదైంది, కానీ అది రబ్బరు అణగడం వల్ల వచ్చినదని, గోలీతో చేస్తే చుక్క చుక్కగానే ఉందని ఒక అమ్మాయి గోలీ తెచ్చి చూపించింది. గోళం సమతలాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకుతుందని నేను నల్లబల్ల మీద రాసేలోపే తరగతికి ఆ విషయం తెలిసిపోయింది. అట్టతో చేసిన శంకువును దొర్లిస్తే అది ముందుకు పోకుండా తన మొన చుట్టూ తానే తిరిగింది.

చివర్లో ఒకరు అడిగిన ప్రశ్నను ఇక్కడ రాసి పెట్టాలి. "టీచర్, కాగితం సమతలమా, ఘనమా?" నిజానికి కాగితానికీ మందం ఉంటుంది. అయిదు వందల కాగితాల కట్టను స్కేలుతో కొలిస్తే దాదాపు 5 సెంటీమీటర్లు వచ్చింది, అంటే ఒక్కో కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. కాబట్టి కత్తిరించిన కాగితపు చతురస్రం కూడా కచ్చితంగా చెప్పాలంటే చాలా పలుచని దీర్ఘఘనమే, అంటే ఇటుక ఆకారమే. సమతల ఆకారానికి పొడవు, వెడల్పు ఉంటాయి తప్ప మందం ఉండదు. అది వస్తువు కాదు, వస్తువు ముఖానికి మనం గీసుకునే హద్దు.

ఆగస్టు 18

కుమ్మరి ఇంటి నుంచి పిసికిన మట్టి తెచ్చుకున్నాము. సారె మీద తయారైన కుండను కుమ్మరి దారంతో కోసి వేరు చేస్తాడు. మేమూ అదే పద్ధతిలో మట్టి సమఘనాలను, అంటే పాచిక ఆకారాలను, దారంతో కోశాము. సమఘనం భుజం 8 సెంటీమీటర్లు ఉండేట్టు చూసుకున్నాము.

పలకకు సమాంతరంగా కోస్తే చతురస్రం వస్తుందని అందరూ ముందే చెప్పారు, అలాగే వచ్చింది. పైపలకలోని ఒక అంచు నుంచి కింద ఎదుటి అంచు వరకు ఏటవాలుగా కోస్తే దీర్ఘచతురస్రం వచ్చింది. ఒక మొనను మాత్రమే తెగ్గోస్తే త్రిభుజం వచ్చింది. సమఘనంలో త్రిభుజం ఎక్కడ దాగి ఉందని పిల్లలు ఆశ్చర్యపోయారు. అసలైన ఆశ్చర్యం తరువాతి కోతలో వచ్చింది. ఆరు అంచుల నడిమి బిందువులను పుల్లతో గుర్తు పెట్టి, ఆ ఆరింటి మీదుగా దారం పోయేట్టు జాగ్రత్తగా లాగితే, రెండు ముక్కల మీదా ఆరు భుజాలూ సమానంగా ఉన్న షడ్భుజి తేలింది. చతురస్రాలు తప్ప మరేమీ లేని వస్తువు లోపల నుంచి షడ్భుజి బయటపడడం చూసి తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మూడు జట్ల సమఘనాలు చెడిపోయాయి, నాలుగోదే సరిగ్గా వచ్చింది. మట్టి మరీ మెత్తగా ఉంటే దారం పక్కకు జారుతుంది, ఒక గంట ఆరనిస్తే మంచిది.

స్థూపాన్ని అడ్డంగా కోస్తే వృత్తం, ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం. దీనికి మట్టి కూడా అక్కర లేదు, ఇంట్లో దోసకాయను చక్రాలుగా, ఏటవాలుగా కోసి చూసుకోమని చెప్పాను. మరునాడు ఒక పిల్లవాడు బెండకాయ ముక్కను తెచ్చి అయిదు మూలలను లెక్కపెట్టి చూపించాడు. బెండకాయ మన వంటింట్లోని పంచభుజి.

ఆగస్టు 21

చీపురు పుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు. ఈ రెండింటితో చేసే నమూనాలను మించిన చవకైన రేఖాగణిత సామగ్రి నాకు తెలియదు. పుల్లలను 10 సెంటీమీటర్ల పొడవుకు విరిచి, రెండు సెంటీమీటర్ల వాల్వు ట్యూబు ముక్కల్లోకి చెరొక వైపు నుంచి దూర్చితే మూల తయారవుతుంది.

మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం చేయించాను. రెండింటినీ మూల దగ్గర పట్టుకొని నొక్కమన్నాను. త్రిభుజం కదలలేదు. చతురస్రం పక్కకు వాలి సమచతుర్భుజమైంది, ఇంకా నొక్కితే నాలుగు పుల్లలూ దగ్గరకు వచ్చి పడుకున్నాయి. భుజాల పొడవులు నిర్ణయమైతే త్రిభుజం ఆకారం కూడా నిర్ణయమైపోతుంది; నాలుగు భుజాల ఆకారానికి ఆ కట్టుబాటు లేదు. చతురస్రాన్ని నిలబెట్టడానికి ఏం చేయాలని అడిగితే, మూలలను గమ్ముతో అంటించాలన్నారు కొందరు, మధ్యలో ఒక పుల్లను ఏటవాలుగా పెట్టాలన్నారు ఇంకొందరు. రెండోది చేసి చూశాము. కర్ణం పెట్టగానే చతురస్రం రెండు త్రిభుజాలుగా విడిపోయి గట్టిపడింది. ఆ కర్ణానికి 10 సెంటీమీటర్ల పుల్ల చాలలేదు, 14 సెంటీమీటర్లకు పైగా కావలసి వచ్చింది. చతురస్రపు కర్ణం ఎప్పుడూ భుజంకంటే పెద్దదేనన్న గమనికను చీటీ మీద రాసుకున్నాము.

ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి తీసుకుపోయే నాన్నతో వెళ్ళి వచ్చిన పిల్లవాడొకడు, అక్కడి షెడ్ల పైకప్పు కింద ఇనుప కమ్మీలు త్రిభుజాలు త్రిభుజాలుగా ఎందుకు ఉన్నాయో ఇప్పుడు తెలిసిందన్నాడు.

ఆగస్టు 25

ఈ రోజంతా వాదనతోనే గడిచింది, నాకు ఎంతో సంతోషం కలిగించిన రోజు కూడా ఇదే. అట్టతో కోసిన చతురస్రాన్ని మొన మీద నిలబెట్టి చూపించగానే, సగం మంది అది చతురస్రం కాదు, గాలిపటమన్నారు. దాన్ని మెల్లగా తిప్పి అడ్డంగా పెడితే మళ్ళీ చతురస్రమన్నారు. ఎంతవరకు తిప్పితే పేరు మారుతుందని అడిగాను. ముందు వరుసలోని అమ్మాయి లేచి, "ఎట్ల వెట్టినా భుజాలు మారలేదు, మూలలు మారలేదు గదా టీచర్, పేరు ఎందుకు మారుతది?" అంది. ఆకారానికి పేరు పెట్టేది అది కూర్చున్న తీరు కాదని, దాని లక్షణాలేనని ఇంతకంటే బాగా నేను చెప్పలేను. పుస్తకాల్లో త్రిభుజం ఎప్పుడూ కింది భుజం మీద చదునుగానే కూర్చుంటుంది కనుక, తలకిందులైన త్రిభుజం కూడా పిల్లలకు కొత్తగానే కనిపించింది.

తరువాతి వాదన మరింత గట్టిది. చతురస్రం దీర్ఘచతురస్రమేనా? దాదాపు అందరూ కాదన్నారు. అప్పుడు దీర్ఘచతురస్రానికి ఏమేమి ఉండాలో వాళ్ళచేతనే బల్ల మీద రాయించాను. నాలుగు భుజాలు, నాలుగు లంబకోణాలు, ఎదురెదురు భుజాలు సమానం. చతురస్రంలో ఇవన్నీ ఉన్నాయా? ఉన్నాయి. మరి ఎందుకు కాదు? "పొడుగు లేదు గనుక" అన్నాడొకడు. పొడవు, వెడల్పు వేరుగా ఉండాలన్న షరతును మనం రాయలేదని గుర్తు చేశాను. అప్పటిదాకా మాట్లాడని ఒక పిల్లవాడు, "వరంగల్‌ల ఉన్నోళ్ళందరూ తెలంగాణల ఉన్నట్టే, కానీ తెలంగాణల ఉన్నోళ్ళందరూ వరంగల్‌ల ఉండరు" అని పోల్చి చెప్పాడు. ఆ పోలిక పట్టుకొని సమాంతర చతుర్భుజం పెద్ద జిల్లా అని, అందులో దీర్ఘచతురస్రాలది ఒక మండలం, సమచతుర్భుజాలది మరో మండలం అని, ఆ రెండు మండలాలూ కలిసే చోటున్న ఊరే చతురస్రమని పటం గీశారు. దీర్ఘచతురస్రమన్న పేరులోని దీర్ఘ అన్న మాటే ఈ గందరగోళానికి కారణమని నాకు అనిపిస్తుంది. పేరు వినగానే పొడుగ్గా ఉండాలని పిల్లలు అనుకోవడం సహజం.

ఆగస్టు 30

త్రిభుజం మూడు మూలలను చింపి పక్కపక్కన పేర్చితే సరళరేఖ వస్తుందని, అంటే మూడూ కలిపి 180 డిగ్రీలని ఈ రోజు చూశాము. ఇరవై నలుగురు ఇరవై నాలుగు రకాల త్రిభుజాలు కోసుకున్నారు, అన్నింటికీ వచ్చింది. చతుర్భుజం నాలుగు మూలలను పేర్చితే చుట్టూ నిండిపోయి 360 డిగ్రీలైంది.

కొత్తవాడలో దర్రీలు నేసే ఇంటి నుంచి వచ్చే పిల్ల చిన్న దర్రీ ముక్కను తెచ్చింది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ దర్రీల మీద త్రిభుజాలు, సమచతుర్భుజాలు నిండుగా ఉంటాయి. దూరం నుంచి నున్నగా కనిపించే ఆ ఏటవాలు గీత దగ్గరికి వస్తే చిన్న చిన్న మెట్లుగా ఉంది, ఎందుకంటే పడుగు, పేక దారాలు నిలువుగా, అడ్డంగా తప్ప పోవు. గళ్ళ కాగితం మీద ఆ మెట్లను లెక్కపెట్టి గీయడం ఇంటిపనిగా ఇచ్చాను.

సెప్టెంబరు 2

పుల్లల పని మళ్ళీ తీశాము, ఈసారి ఘనాకారాలతో. మూడు పుల్లలు కలిసే మూల కోసం ఒక ట్యూబు ముక్కకు తుమ్మముల్లుతో రంధ్రం చేసి, అందులోంచి పుల్ల ఎక్కించిన రెండో ముక్కను దూర్చాలి. ముల్లు పిల్లల చేతికి ఇవ్వకుండా ఆ పని నేనే చేశాను.

పన్నెండు పుల్లలతో సమఘనం కట్టి బల్ల మీద పెట్టగానే అది ఒక పక్కకు ఒరిగి కూలిపోయింది. కారణం వాళ్ళకు తెలుసు, ఆరు పలకలూ చతురస్రాలే కదా. ఒక్కో పలకకు ఒక్కో కర్ణం చొప్పున పెడుతూ పోయారు. మూడు కర్ణాలు పెట్టినా ఊగింది, అయిదు పెట్టినా కాస్త కదిలింది, ఆరోది పెట్టాక కదలలేదు. మొత్తం పద్దెనిమిది పుల్లలు.

అప్పుడు, కర్ణాలు అక్కర లేకుండా పన్నెండు పుల్లలతోనే గట్టిగా నిలబడే ఆకారం ఒకటుందని చెప్పాను. ఒక చతురస్రం కట్టి, దాని నాలుగు మూలల నుంచి పైకి నాలుగు పుల్లలు ఒక మొనకు, కిందికి నాలుగు పుల్లలు మరో మొనకు కలిపాము. అష్టముఖి తయారైంది. దాన్ని కింద పడేసినా ఆకారం చెడలేదు. అన్ని ముఖాలూ త్రిభుజాలే కావడం దాని బలం. రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టిన జట్టు ఒక విచిత్రాన్ని గమనించింది. సమఘనానికి ముఖాలు 6, మొనలు 8. అష్టముఖికి ముఖాలు 8, మొనలు 6. అంచులు రెండింటికీ 12. ఒకదాని ముఖాల నడుమ చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోతే రెండోది వస్తుందని చెప్పి, రేపు మట్టి సమఘనం మీద చుక్కలు పెట్టి చూడమన్నాను.

సెప్టెంబరు 4 నుంచి 8 వరకు

మందుల డబ్బాలు, పేస్టు డబ్బాలు, మిఠాయి డబ్బాలు విప్పి పరిచాము. విప్పిన ఆ రూపాన్ని వల అంటాము. డబ్బా వలలో ఆరు పలకలతో పాటు అంటించడానికి వదిలిన చెవులు కూడా ఉంటాయి. మొదటి వల గీసిన జట్లన్నీ వాటిని మరిచిపోయాయి, అందుకే డబ్బా అతుక్కోలేదు.

ఆ తరువాత అసలు ప్రశ్న. ఆరు చతురస్రాలను అంచులు కలిపి ఎన్ని రకాలుగా పేర్చితే మడిచినప్పుడు సమఘనం వస్తుంది? తిప్పినా, బోర్లించినా ఒకటే అయ్యేవాటిని ఒక్కటిగానే లెక్కపెట్టాలి. ఆరు చతురస్రాల పేర్పులు మొత్తం 35 ఉన్నాయి, వాటిలో సమఘనమయ్యేవి 11 మాత్రమే. ఈ సంఖ్యలు పిల్లలకు ముందుగా చెప్పలేదు. మొదటి రోజు ఆరు దొరికాయి, అన్నీ నాలుగు చతురస్రాల వరుసకు పైన ఒకటి, కింద ఒకటి తగిలించినవే. రెండో రోజు మూడు చతురస్రాల వరుసతో మరో మూడు వచ్చాయి. రెండేసి చొప్పున మెట్ల మాదిరి దిగేది మూడో రోజు దొరికింది. పదితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. పదకొండోది, మూడేసి చతురస్రాల రెండు వరుసలు రెండు గళ్ళ మేర పక్కకు జరిగి అతుక్కున్నది, సోమవారం ఉదయం ఒక అమ్మాయి పేస్టు డబ్బా అట్ట మీద గీసి తెచ్చింది. ఆదివారమంతా కూర్చుని చేసిందట. ఆ వలను మడిచి అంటించి చూసేదాకా తోటి పిల్లలు నమ్మలేదు. పెట్టెలో దాన్ని అంటించకుండా వలగానే ఉంచాము, తరువాత వచ్చే తరగతి వాళ్ళు తామే మడిచి చూడాలని.

సెప్టెంబరు 9

లెక్కల పట్టిక పూర్తయింది. సమఘనం, ఇటుక, చతుర్ముఖి (నాలుగు ముఖాలూ త్రిభుజాలే), చతురస్ర పిరమిడ్, త్రిభుజ పట్టకం (రెండు కొసలూ త్రిభుజాలుగా ఉండే దిమ్మ), ఆరు పలకల పెన్సిల్, అష్టముఖి. ఒక్కోదానికి ముఖాలు, శీర్షాలు, అంచులు మూడు వరుసల్లో రాసి, ముఖాలను శీర్షాలను కూడి అందులోంచి అంచులు తీసేయమన్నాను. కొత్తగా, ఇంకా చెక్కకుండా ఉన్న పెన్సిల్‌కు ముఖాలు 8, శీర్షాలు 12, అంచులు 18, మిగిలింది 2. చతుర్ముఖికి 4, 4, 6; మిగిలింది 2. పట్టిక అంతా రెళ్ళే రావడంతో ఎవరో చూసి రాశారేమోనని పిల్లలు ఒకరినొకరు అనుమానించారు. మట్టి సమఘనం మొనను తెగ్గోసి మళ్ళీ లెక్కపెట్టించాను. ముఖాలు 7, శీర్షాలు 10, అంచులు 15. మళ్ళీ 2. స్విట్జర్లాండులో పుట్టిన లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త 1750లో తన మిత్రుడు గోల్డ్‌బాక్‌కు రాసిన లేఖలో ఈ సంబంధాన్ని తెలిపాడని చెప్పాను.

మధ్యలో రంధ్రం ఉంటే కూడా ఇలాగే వస్తుందా అని గారెను తలుచుకొని అడిగాడొక పిల్లవాడు. చాలా మంచి ప్రశ్న. గారెకు చదునైన పలకలు లేవు కనుక పటం కట్టే చెక్క చట్రాన్ని తీసుకున్నాము. మూలల దగ్గర ఏటవాలుగా కోసి అతికిన నాలుగు చెక్కల చట్రానికి, ఆ అతుకు గీతలను కూడా అంచులుగా తీసుకుంటే, ముఖాలు 16, శీర్షాలు 16, అంచులు 32. మిగిలింది సున్నా. రంధ్రం ఉన్న ఆకారం వేరే కుటుంబానికి చెందుతుందని మాత్రం చెప్పి ఆపాను.

స్థూపానికి అంచులు ఎన్ని, శంకువు మొనను శీర్షం అనవచ్చా అన్న వాదనలు కూడా వచ్చాయి. వంపు ముఖాలున్న ఆకారాలను ఈ పట్టికలో చేర్చకూడదని, ఈ నియమం చదునైన ముఖాలున్నవాటి కోసమేనని తీర్మానించుకున్నాము. స్థూపం చీటీలో రెండు చదునైన వృత్తాకార ముఖాలు, ఒక వంపు ముఖం, రెండు వంపు అంచులు అని విడిగా రాశాము.

సెప్టెంబరు 12

వృత్తం. కేంద్రం నుంచి అంచు మీది ఏ బిందువుకైనా దూరం ఒకటే అన్నది దాని ప్రాణం. మేకు, దారం, సుద్దముక్కతో మైదానంలో గీసి చూపించాను.

వ్యాసం, పరిధి కొలవడానికి గాజులు తెచ్చాము. అమ్మలు కొనే రెండు-నాలుగు గాజు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంబావు అంగుళాలు. ఇది తెలిశాక పిల్లలు ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి ఉత్సాహపడ్డారు. దారం చుట్టి కొలిస్తే ఆ గాజు లోపలి పరిధి 18 సెంటీమీటర్లు, వ్యాసం 5.7. స్టీలు పళ్ళెం వ్యాసం 28, పరిధి 88. సైకిలు చక్రం వ్యాసం 66. సుద్దగుర్తు పెట్టి ఒక్క చుట్టు నడిపిస్తే 2 మీటర్ల 7 సెంటీమీటర్లు పోయింది. ప్రతిసారీ పరిధి వ్యాసానికి మూడు రెట్లకు కాస్త ఎక్కువ. ఈ నిష్పత్తినే పై (π) అంటారని చెప్పి, దాదాపు 3.14 అని రాయించాను.

సెప్టెంబరు 13

వేయిస్తంభాల గుడికి వెళ్ళి వచ్చాము. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఈ గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు ఉన్నాయి. ఒకే స్తంభంలో కొంత భాగం నాలుగు పలకలుగా, కొంత భాగం గుండ్రంగా ఉండడాన్ని చేతులతో తడిమి, కింది నుంచి పైకి ఏ ఆకారం తరువాత ఏది వచ్చిందో వరుసగా గీసుకున్నారు.

సెప్టెంబరు 15

శంకువు, స్థూపం ప్రయోగం ఈ రోజు కుదరలేదు. పొరపాటు నాదే కనుక వివరంగా రాస్తున్నాను. భూమి (అడుగు వృత్తం), ఎత్తు సమానంగా ఉంటే మూడు శంకువుల ఇసుక ఒక స్థూపాన్ని సరిగ్గా నింపాలి. స్థూపం వ్యాసార్ధం 5, ఎత్తు 12 సెంటీమీటర్లు, 31.4 పొడవు, 12 వెడల్పు ఉన్న చార్టుముక్కను చుట్టి చేశాము. శంకువు కోసం 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులో 150 డిగ్రీల ముక్కను కోసి చుట్టాము. నోరు సరిగ్గా స్థూపం నోటికి సరిపోయింది. జల్లెడ పట్టిన ఇసుకను మూడుసార్లు నింపి పోస్తే, స్థూపంలో పైన ఒక సెంటీమీటరుకు పైగా ఖాళీ మిగిలింది. మూడు కాదు, మూడుంబావు అని పిల్లలు రాసుకున్నారు.

ఇంటికి వచ్చి శంకువును బోర్లించి, పక్కన స్కేలు నిలబెట్టి చూస్తే ఎత్తు 11కు కొంచెం తక్కువగా ఉంది. వృత్తం ముక్క వ్యాసార్ధం శంకువుకు ఏటవాలు ఎత్తు అవుతుంది, నిలువు ఎత్తు కాదు. ఆ తేడాను నేను ముందుగా చూసుకోలేదు.

సెప్టెంబరు 17

జరిగిన పొరపాటును తరగతికి చెప్పి, సరిచేసే పని వాళ్ళకే ఇచ్చాను. లంబకోణం గీసి, ఒక భుజం 5, మరో భుజం 12 తీసుకొని, ఏటవాలు భుజాన్ని కొలిస్తే సరిగ్గా 13 వచ్చింది. 13 వ్యాసార్ధంతో వృత్తం గీసి, 138 డిగ్రీల ముక్కను కోశాము. ఇప్పుడు ఎత్తు 12. మూడోసారి ఇసుక పోసినప్పుడు స్థూపం అంచు వరకు నిండింది, స్కేలుతో చదును చేస్తే నాలుగు రేణువులు మాత్రమే కింద పడ్డాయి. మొదటిరోజు సరిగ్గా వచ్చి ఉంటే ఏటవాలు ఎత్తు, నిలువు ఎత్తు వేరన్న సంగతి ఇంత బలంగా వాళ్ళ మనసులో నాటుకునేది కాదు.

సెప్టెంబరు 19

ఎల్లుండి ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. పెట్టెకు చివరి వస్తువుగా కాగితపు బతుకమ్మ చేద్దామని అమ్మాయిలు అడిగారు. సిబ్బి అనే పళ్ళెంలో గునుగు, తంగేడు, బంతి పూల వరుసలు పేర్చుకుంటూ పోతే ఒక్కో వరుస ఒక్కో వృత్తమే, పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది. తొమ్మిది పొరలు అనుకున్నాము. అడుగు పొర వ్యాసం 27 సెంటీమీటర్లు, ఒక్కో పొరకు 3 తగ్గిస్తూ చివరిది 3. పొర ఎత్తు 4.

పట్టీలు ఎంత పొడవు కోయాలన్న లెక్కకు ఈసారి నా సాయం అడగలేదు. వ్యాసాన్ని 3.14తో గుణించి అడుగు పట్టీ 84.8 అని వేశారు. రెండోది 75.4, మూడోది దాదాపు 66. ప్రతి పొరకు 9.4 చొప్పున తగ్గుతోందని కనిపెట్టిన అమ్మాయి, మిగతావాటికి గుణకారం మానేసి తీసివేతతోనే రాసుకుంటూ పోయింది. చివరి పొర పట్టీ పొడవు కూడా దాదాపు 9.4 వచ్చేసరికి లెక్క తప్పలేదని నిర్ధారించుకుంది. చార్టు పొడవు 70 సెంటీమీటర్లే కనుక అడుగు రెండు పట్టీలను అతికి పొడిగించారు. అంటింపుకు అందరూ ఒక సెంటీమీటరు అదనంగా వదిలారు, వల గీసినప్పటి పాఠం గుర్తుంది.

సెప్టెంబరు 20

బతుకమ్మ నిలబడింది. ఇది శంకువేనా అన్న ప్రశ్న మీద మళ్ళీ వాదన జరిగింది. ఏటవాలు ముఖం నున్నగా లేదు, మెట్లుగా ఉంది, కాబట్టి తొమ్మిది స్థూపాలను పేర్చినట్టేనని ఎక్కువమంది చెప్పారు. దర్రీలోని ఏటవాలు గీతను గుర్తు చేసింది కొత్తవాడ పిల్ల. తలుపు మూసి, పక్క నుంచి టార్చి వేసి గోడ మీద నీడ చూశాము. మెట్ల అంచులున్న త్రిభుజం పడింది. పై నుంచి వేస్తే నేల మీద వృత్తం పడింది. రెండు నీడలనూ గోడకు, నేలకు చార్టు అతికించి గీసుకున్నాము.

పెట్టెలో ఇప్పుడు నలభై ఒక్క వస్తువులు, వాటి చీటీలు ఉన్నాయి. మట్టి సమఘనాలు ఎండి పగుళ్ళిచ్చాయి, షడ్భుజి కోత మాత్రం బాగానే ఉంది. అష్టముఖికి రెండు మూలల దగ్గర వాల్వు ట్యూబు చీలింది, సెలవుల తరువాత మార్చాలి.